కడిగినవాడే కట్టె పెట్టాలి

నిండా పెట్రోలున్న ట్యాంకును చూసి జనం భయపడతారు. నాకు నవ్వొస్తుంది. భయపడాల్సింది ఖాళీ ట్యాంకుకు. నిండు ట్యాంకులో ఉండేది పెట్రోలు. ఖాళీ ట్యాంకులో ఉండేది ఆవిరి. అది కంటికి కనపడదు, ఒక్కోసారి ముక్కుకు కూడా దొరకదు, నిప్పు తగిలిందంటే మాత్రం రేకును కాగితంలా చీల్చేస్తుంది. ప్రత్తిపాడులో మా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే చెబుతున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నా దగ్గర మాత్రం అంతా తిరగబడింది, వినేవాళ్ళకే నేను లోకువ.

నా పేరు జయరావు. గుంటూరు రోడ్డు మీద మాకో రేకుల షెడ్డు ఉంది. పత్తికీ మిర్చికీ మందు కొట్టే ఇత్తడి పంపులకు చిల్లు పడితే తగరం కరిగించి మాటు వేయడం నా పని. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పంపులు వచ్చాయి కాబట్టి నాకు పని తగ్గింది, నోరు పెరిగింది. షెడ్డులో అవతలి సగం మా అన్న కొడుకు ఏసుబాబుది. ముప్పై ఏళ్ళవాడు, పెళ్ళయింది, మహిమ అని ఐదేళ్ళ కూతురుంది. గేట్లకూ ట్రాక్టర్ ట్రక్కులకూ వెల్డింగ్ చేస్తాడు. పనిమంతుడే. వాడి మొహం మీద మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మొన్న మార్చిలో, కళ్ళాల్లో మిర్చి ఎండుతూ ఊరంతా దగ్గుతున్న రోజుల్లో, రామాంజనేయులు గారు తన ఎర్ర కారును తెచ్చి మా షెడ్డు ముందు ఆపారు. పెద్ద మిర్చి రైతు. కారు చూస్తే రెండే సీట్లు, పైన టాపు లేదు, నేలకు జానెడు ఎత్తు. అరవై ఏళ్ళ కిందట పొగాకు కంపెనీలో ఒక దొర ఇంగ్లాండు నుంచి తెప్పించుకున్న స్పోర్ట్స్ కారట. దొర వెళ్ళిపోయాక చీరాల దగ్గర ఒక గోడౌనులో దుమ్ము పట్టి పడుంటే ఈయన కొన్నారు. రెండేళ్ళు తంటాలు పడి నడిపించారు. ఇప్పుడు వెనక డిక్కీ కింద ట్యాంకు కారుతోంది. వంగి చూశాను. కింది అతుకు పొడవునా చెమట పట్టినట్టు పెట్రోలు ఊరుతోంది, దాని మీద పచ్చటి పూత.

"బట్టల సబ్బు రుద్దారా?" అన్నాను.

"రెండు నెలల్నుంచీ రుద్దుతున్నానయ్యా," అన్నారాయన. పెట్రోలుకు సబ్బు కరగదని మా వైపు అందరికీ తెలుసు. ట్రాక్టరు ట్యాంకు కారితే రైతు జేబులోంచి ముందు బయటికొచ్చేది సబ్బు ముక్కే. "ఆటోనగర్ అంతా తిరిగా. గ్యాస్ పెడతామంటారు. ఈ పల్చటి రేకుకి గ్యాస్ పెడితే కరిగిపోద్ది. తగరం మాటేసేవాడివి నువ్వొక్కడివే మిగిలావంట."

"నేను పెట్రోలు ట్యాంకు ముట్టుకోనండి."

"అట్టంటే ఎట్టా? దీనికి కొత్త ట్యాంకు ఎక్కడ దొరుకుద్ది?"

"అయితే సబ్బే రుద్దుకోండి. బట్టలు మాసినా కారు శుభ్రంగా ఉంటది."

ఆయన నవ్వారు. ఏసుబాబు నవ్వలేదు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, "కారు లోపల పెట్టండి, నేను చేస్తాను," అన్నాడు.

"ఒరేయ్, కొరివితో తల గోక్కోకు."

"ఎన్నాళ్ళు బాబాయ్? పెట్రోలు ట్యాంకు అనంగానే తిప్పి పంపడమే. మా నాన్న పోయాడని ఊళ్ళో బళ్ళు నడవడం మానేశాయా? మాటెయ్యడం నాకు నేర్పు, చాలు."

మా నాన్న ఈ షెడ్డుకు ఒక కట్టుబాటు పెట్టాడు. ట్యాంకును కడిగాక దానికి నిప్పు పరీక్ష చెయ్యాలి. మనిషెత్తు ఎండు పత్తికట్టె తీసుకుని, చివర దూది చుట్టి, వెలిగించి, పక్కకు నిలబడి ట్యాంకు నోటి దగ్గర పెట్టాలి. లోపల ఆవిరి మిగిలుంటే తెరిచిన నోట్లోంచి గుప్పుమని మండిపోతుంది, పక్కనున్న మనిషికి ఏమీ కాదు. ఏమీ జరక్కపోతే అప్పుడు పని మొదలుపెట్టాలి. ఈ కట్టెను ఎవరు కడిగారో వాళ్ళే పెట్టాలి. ఒకరు కడిగి ఇంకొకరు పెట్టకూడదు. తన చేత్తో తనే నిప్పు పెట్టుకోవాలని తెలిస్తే ఎవడూ కడగడంలో దొంగతనం చేయడు. మా నాన్న చదువుకోలేదు గానీ మనుషులను బాగా చదివాడు.

మా అన్న జక్రయ్య ఈ షెడ్డులోనే పోయాడు. ఒక జీపు ట్యాంకు అతుకు మీద బ్లో ల్యాంపు మంట పెడితే పేలింది. జనం పరిగెత్తుకొచ్చి చూసేసరికి గోడకు ఆనించిన పత్తికట్టె అలాగే ఉంది. దాని చివర దూది తెల్లగా ఉంది. కట్టె పెట్టలేదన్నమాట, బద్ధకించాడన్నమాట. ఊరంతా అదే అనుకుంది. సమాధి దగ్గర చర్చి అయ్యగారు కూడా అజాగ్రత్త మీదే ప్రసంగం చేశారు. మా వదిన ఎలీసమ్మకు అప్పటికి ఇరవై మూడేళ్ళు, ఏసుబాబు చంకలో ఉన్నాడు. మిరపకాయలు కోసి, తొడాలు తీసి, మండే చేతులతోనే వాణ్ని పెంచింది. వాడు ఏ పని సగంలో వదిలినా "మీ నాన్నలా చెయ్యకురా" అనేది. ఆ ఇంట్లో అదొక సామెత అయిపోయింది. షెడ్డులో అన్న ఫోటో పెడదామని ఒకసారి అంటే ఏసుబాబు ఒప్పుకోలేదు. "ట్యాంకు కడగనివాడి ఫోటో చూస్తే ఎవడు పనిస్తాడు బాబాయ్?" అన్నాడు.

ఆ ట్యాంకు కడగాల్సింది మా అన్న కాదు. నేను.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. పదింబావుకు చీరాల బస్సు. అక్కడ శాంతి వాళ్ళింట్లో పిల్లను చూడ్డానికి రమ్మన్నారు. ట్యాంకులో ఒక్కసారి సబ్బునీళ్ళు పోసి, రెండు ఊపులు ఊపి పారబోశాను. కట్టెకు దూది చుట్టాను గానీ వెలిగించలేదు. బస్సు హారను వినపడింది. అన్న లోపల్నుంచి, "కడిగావా?" అనడిగాడు. "కడిగాను, కట్టె కూడా పెట్టాను," అన్నాను. పరిగెత్తి బస్సెక్కాను. పదకొండుకు ట్యాంకు పేలింది.

ఆ రోజు చూసిన శాంతే నా భార్య. ఆమెకూ చెప్పలేదు. మొదట్లో భయంతో చెప్పలేదు. తర్వాత ఆలస్యమైపోయిందని చెప్పలేదు. ఆ తర్వాత అలవాటైపోయింది. ఏటా అన్న జ్ఞాపకార్థ కూడికలో అందరికంటే ముందు లేచి, దేవుడు మా వదినను ఎలా నడిపించాడో సాక్ష్యం చెబుతాను. తేలు కుట్టిన దొంగ ఎంత గట్టిగా పాట పాడగలడో నన్ను చూసి నేర్చుకోవచ్చు.

సరే, ఏసుబాబు మొండివాడు. ట్యాంకు దించాడు. రెండు రోజులు బట్టల సోడా నీళ్ళతో కడిగాడు, ఎండలో ఆరబెట్టాడు. నేను నా మూల కూర్చుని పంపులకు వాషర్లు మారుస్తూ కనిపెట్టి చూస్తూనే ఉన్నాను. మూడో రోజు, శుక్రవారం పొద్దున్న, వాడు ట్యాంకును ఎండలోంచి తెచ్చి ఇనుప స్టాండు మీద పెట్టి తగరం కరిగించే రాగి కడ్డీ వేడి చేయబోయాడు.

"కట్టె పెట్టావా?" అన్నాను.

"ఎందుకు బాబాయ్? ముక్కు పెట్టి చూడు, చుక్క వాసన లేదు."

"వాసన లేకపోతే కట్టె పెట్టడానికి నీకేం నొప్పి?"

"నీ చాదస్తం!"

"ఓరి నీ దుంప తెగ! చాదస్తమే అనుకో. ఆ కడ్డీ కింద పెట్టు ముందు!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

సరిగ్గా అప్పుడే వదిన కొడుక్కి అన్నం క్యారేజీ తీసుకుని వచ్చింది. సంగతేమిటో ఆమెకు చెప్పక్కర్లేదు, మా ఇద్దరి మొహాలు చాలు. "పెట్టరా," అంది. "మీ నాన్నలా చెయ్యకు."

వాడు విసురుగా లేచాడు. పత్తికట్టెకు దూది చుట్టి, వెలిగించి, మా మీద కోపంతో ట్యాంకు నోటి దగ్గర పెట్టాడు. పక్కకు మాత్రం నిలబడ్డాడు, ఆ ఒక్కటీ దేవుడి దయ.

గుప్పుమంది. ట్యాంకు నోట్లోంచి మూరెడు నీలిమంట లేచింది. ట్యాంకు స్టాండు మీంచి ఎగిరి కిందపడి, దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. వాడి చేతి మీద వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. వదిన క్యారేజీ వదిలేసి వెళ్ళి వాడి వీపు మీద దబదబా బాదింది, బాదుతూనే వాణ్ని పట్టుకుని ఏడ్చింది.

పాత ట్యాంకుల్లో లోపల అడ్డరేకులు ఉంటాయి. ఏళ్ళ తరబడి నిలవున్న పెట్రోలు వాటి వెనక జిగురులా గట్టిపడుతుంది. పైపై కడుగుడుకు అది కదలదు. ఎండ వేడి తగిలితే మళ్ళీ ఆవిరి వదులుతుంది. నేను చెప్పాల్సింది ఇంతే. చెప్పకుండా వెళ్ళి ట్యాంకును లేపి నిలబెట్టాను.

ఏసుబాబు నేల మీద కూర్చుండిపోయాడు. ఆ ట్యాంకు వంకే చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "బాబాయ్, నాన్న కట్టె పెట్టుంటే బతికేవాడు."

"ఆ."

"ఆయన పెద్ద పనిమంతుడంటారు కదా. నాకంటే ఎక్కువ తెలుసు కదా. ఎందుకు పెట్టలేదు?"

కోపంగా అడిగుంటే తిట్టి తప్పించుకునేవాణ్ని. వాడు చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"బద్ధకంరా," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు అడుగుతావు? బద్ధకం."

"కాదు వదినా," అన్నాను. "ఆ ట్యాంకు కడిగింది నేను. సరిగ్గా కడగలేదు. కట్టె పెట్టకుండానే పెట్టానని అన్నకు అబద్ధం చెప్పి బస్సెక్కాను. అన్న నా మాట నమ్మాడు. ఆయన తప్పేం లేదు."

కళ్ళంలోంచి మిర్చి ఘాటు గాలికి వచ్చి ముగ్గురినీ దగ్గించింది. అంత దుఃఖంలో కూడా దగ్గు ఆగదు కదా.

"ఎన్నింటి బస్సు?" అంది వదిన.

"పదింబావుకి."

"పదకొండుకి పేలింది."

"ఆ."

ఆమె పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది. "ఆయన సమాధి దగ్గర నేను ఏడవడం మానేశాను, తెలుసా జయరావూ? మొదటి ఏడాదే మానేశాను. కోపమొచ్చి మానేశాను. చంటిబిడ్డ ఉన్నాడని కూడా చూడకుండా బద్ధకానికి చచ్చిపోయాడని. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన మీద కోప్పడ్డాను. ఆ కోపంతోనే బతికాను నేను."

ఏసుబాబు లేచొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు. కొడితే బాగుండుననుకున్నాను. "నా కూతురుకి కూడా చెప్పాను," అన్నాడు. "మీ తాత బద్ధకం మనిషి, నువ్వట్టా ఉండకూడదని మహిమకి చెప్పాను. నా నోటితో చెప్పాను!" చొక్కా వదిలేసి బయటికెళ్ళి, ఎర్ర కారుకు ఆనుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

నేను వెళ్ళి వదిన కాళ్ళ మీద పడబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఆ పని తర్వాత. ముందు ట్యాంకు కడుగు," అంది.

కడిగాను. అలా ఎప్పుడూ కడగలేదు. నీళ్ళు సలసలా మరిగించి సోడా కలిపి పోశాను. చిన్న గొలుసు ముక్క లోపల వేసి, అడ్డరేకుల వెనక గీరుకునేలా అన్ని వైపులకూ తిప్పి తిప్పి ఊపాను. మొదటిసారి తారులాంటి నల్లటి ముద్దలు పడ్డాయి. రెండోసారి గోధుమరంగు నీళ్ళు వచ్చాయి. మూడోసారీ నాలుగోసారీ కూడా ఊపాను, నీళ్ళు తాగేంత తేటగా వచ్చేదాకా. చేతులు బొబ్బలెక్కాయి. వదిన ఆ టైరు మీంచి లేవలేదు, అన్నం ముట్టలేదు, నా చేతుల మీంచి చూపు తిప్పలేదు. సాయంత్రం నాలుగైంది.

ట్యాంకును స్టాండు మీద పెట్టాక ఆమె లేచింది. మూలనున్న పత్తికట్టెల్లోంచి ఒకటి తీసింది. దూది తనే చుట్టింది, గట్టిగా, వత్తి చేసినట్టు. అగ్గిపెట్టె, కట్టె నాకు అందించింది.

"కడిగినవాడే పెట్టాలి," అంది. "పెట్టు."

వెలిగించాను. మంట రెండుసార్లు ఆరింది. మూడోసారి నిలిచింది. పక్కకు జరిగి ట్యాంకు నోటి దగ్గర పెట్టాను. ఏమీ జరగలేదు. దూది మామూలుగా మండింది, నల్లబడింది, పొగ వదిలి ఆరిపోయింది. ఇంతే పని. ఇంత చిన్న పని. బస్సు వెళ్ళిపోతే మధ్యాహ్నం ఇంకోటి ఉండేది. నేను అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను, నన్ను ఎవరూ ఊరుకోబెట్టలేదు.

అప్పుడు ఏసుబాబు లోపలికొచ్చాడు. నా మొహం చూడలేదు. ట్యాంకును బోర్లించి, అతుకు పైకి వచ్చేలా సర్ది, రాగి కడ్డీ వేడి చేశాడు. "మాటు నేనేస్తా, ఎట్టాగో చెప్పు," అన్నాడు.

చెప్పాను. సబ్బంతా గీకమన్నాను, రేకు మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్దమన్నాను, ఆసిడ్ పూయమన్నాను, తగరం దానంతట అది పారేదాకా కడ్డీని కదపొద్దన్నాను. వాడు ట్యాంకు మీదకు వంగి పనిచేశాడు. అన్న కూడా అలాగే, మొహం దగ్గరగా పెట్టి వంగేవాడు. నేను కడిగానంటే నమ్మి మళ్ళీ ఒక మనిషి ట్యాంకు మీద నిప్పు పెట్టాడు. వదిన కొడుకు పక్కనే భుజం ఆనించి నిలబడింది, అంగుళం కూడా వెనక్కి జరగలేదు. నేను ప్రతి క్షణం లెక్కపెట్టుకున్నాను. మాటు పూర్తయ్యేసరికి నా చొక్కా చెమటకు తడిసిపోయింది.

పెట్రోలు పోసి, కింద కాగితాలు పరిచి తెల్లారేదాకా ఉంచాం. చుక్క పడలేదు. శనివారం రామాంజనేయులు గారు వచ్చి, అతుకు మీద వేలు పెట్టి రాసి, వాసన చూసుకుని, "పొడిగా ఉందయ్యా! చెయ్యనన్నావు, చూడు ఎంత బాగా చేశావో!" అన్నారు.

"చేసింది ఏసుబాబండి," అన్నాను.

శుక్రవారమే ఇంటికి వెళ్ళే ముందు వదిన ఒక మాట అంది. "మా ఇద్దరికీ చెబితే సరిపోదు. ఊరంతా అంది ఆయన్ని. ఆదివారం గుళ్ళో చెప్పు." శనివారం సాయంత్రం శాంతికి చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది. "ఆ రోజు మా ఇంట్లో నువ్వు రెండుసార్లు టీ అడిగి తాగావు," అంది. ఈ రోజుకీ సరిగ్గా మాట్లాడటం లేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. అందరికీ వందనాలు చెప్పాను. నేను లేస్తే పెద్ద ప్రసంగమే చేస్తానని ముందు వరసలో ఒకరిద్దరు సర్దుకుని కూర్చున్నారు. "మా అన్న జక్రయ్య బద్ధకస్తుడు కాదు," అన్నాను. "ఆ రోజు కట్టె పెట్టాల్సింది నేను. పెట్టకుండా పెట్టానన్నాను." అంతే చెప్పి కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు వదిన తలమీద కొంగు కప్పుకుని, ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆపేసిన ఏడుపు ఏడుస్తోంది. ఆరాధన అయ్యాక తిన్నగా సమాధుల వైపు నడిచి వెళ్ళింది. ఆమె వెంట ఎవరూ వెళ్ళలేదు.

సోమవారం నేను షెడ్డుకు వెళ్ళేసరికి ఏసుబాబు నిచ్చెనెక్కి గోడకు మేకు కొడుతున్నాడు. అన్న ఫోటో తెచ్చాడు. కొత్తగా ఫ్రేము కట్టించాడు. ఫోటో పక్కన, ఇంకో మేకుకు, నేను పెట్టిన, చివర నల్లబడిన ఆ పత్తికట్టె వేలాడదీశాడు. గోడ మాత్రం వాడి వైపుది కాదు. నా వైపుది, సరిగ్గా నా పనిబల్లకు ఎదురుగా ఉన్న గోడ.

"నీ వైపు పెట్టుకోరా, మీ నాన్న కదా," అన్నాను.

వాడు నిచ్చెన దిగి, సుత్తి నా బల్ల మీద పెట్టాడు. "నేను మా ఇంట్లో ఇంకోటి పెట్టుకున్నా," అన్నాడు. "ఇది రోజూ నువ్వు చూడాలి."